గూట్లో గ్లాసు

ఆ పిల్లకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నేను. గేటు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపించేశాను. నరసరావుపేటలో మా వీధంతా ఎండకు కాగిపోతున్న వేళ, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, నెత్తిమీద చున్నీ కప్పుకుని వచ్చింది. పేరు మౌనిక అంది. సోషల్ వర్కు చదువుతోందట. ప్రాక్టీసు కోసం ఒక స్వచ్ఛంద సంస్థలో వేశారట. పెద్దవయసు వాళ్ళున్న ఇళ్ళకు తిరిగి ఎవరికి ఏం అవసరమో కనుక్కుంటోందట. "మేడం, ఇంట్లో ఎవరెవరుంటారు? ఆరోగ్యం ఎట్టా ఉంది? ఏమన్నా ఇబ్బందులు ఉన్నాయా?" అని అడిగింది. పాపం, మర్యాదగానే అడిగింది. నేను గేటు గొళ్ళెం మీద చెయ్యి తియ్యకుండానే, "మేమిద్దరమే అమ్మా. బాగున్నాం. ఏ ఇబ్బందీ లేదు," అన్నాను. ఆ పిల్ల ట్యాబు మీద వేలితో ఏవో నొక్కి, థాంక్స్ చెప్పి, పక్కింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ మా ఇంటి గుమ్మం వైపు ఒకసారి చూసింది. ఎంత పొగరు ఈవిడకి అనుకునే ఉంటుంది.

నేను చెప్పింది పచ్చి అబద్ధం. అదే సమయానికి లోపల మా ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని గుండీల కోసం వెతుక్కుంటున్నారు. జీవితమంతా హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఏడాదిగా మతిమరుపు ముదిరిపోయింది. కాస్త ఏమరితే చాలు, బడికి టైమైందని వీధిలోకి నడిచి వెళ్ళిపోతారు. ఒకసారి మార్కెట్టు దాకా పోయారు. ఇటు చూస్తే నా కుడికంటికి శుక్లం ముదిరింది, ఎడమదీ మసకే. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదని డాక్టరు కోప్పడి పంపాడు. ఆపరేషన్‌కు వెళ్తే ఆ పూట, ఆ తర్వాత నాలుగు రోజులు, ఈయన్ను కనిపెట్టుకుని ఉండేదెవరు? ఈ మాట తమ్ముడితో అనలేదు, ఎదురుగా కిరాణా కొట్టు నడిపే శెట్టిగారి భార్యతో అనలేదు. ఈయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు. కనపడితే చేతులు కట్టుకుని నిలబడతారు. వాళ్ళు ఈయన్ను ఇట్లా చూడటం నాకిష్టం లేదు. అంతే సంగతి. అందుకే తలుపులు దగ్గరికేసుకుని బతుకుతున్నాను.

ఇందులో నవ్వు పుట్టించే సంగతి ఏమిటంటే, ఆ పిల్ల చేస్తున్న పనే నేను నా ఉద్యోగమంతా చేశాను. ఈపూరు, బొల్లాపల్లి పల్లెల్లో కాళ్ళకు బలపం కట్టుకుని తిరిగాను. ఎవరింట్లో ఏం లోటుందో, ఊరు మొత్తానికి ఏది ముందు కావాలో ఎట్లా కనుక్కోవాలో కొత్తగా చేరిన పిల్లలకు పాఠాలు చెప్పాను. "ఏ ఇబ్బందీ లేదు అన్న ఇంటికి మళ్ళీ వెళ్ళండి" అని బల్లగుద్ది చెప్పేదాన్ని. ఆ రోజు వంటింట్లోకి వెళ్ళి కుండలో గ్లాసు ముంచబోతుంటే చెయ్యి ఆగిపోయింది. ఎండన పడి వచ్చిన పిల్లకు గుక్కెడు నీళ్ళియ్యాలని కూడా తోచలేదేమిటి నాకు, అనుకున్నాను. వెంటనే నడికుడి గుర్తొచ్చింది. మా దీనమ్మత్త గుర్తొచ్చింది. ఒక మనిషికి మంచినీళ్ళు ఇవ్వకపోవడం వెనక ఏముంటుందో నేను అక్కడ, చిన్న వయసులోనే చూశాను కదా!

నేను ఇంటర్ తప్పాను. అది కూడా లెక్కల్లోనే. తర్వాత లెక్కల మాస్టారినే పెళ్ళి చేసుకున్నానంటే అది వేరే కథ. ఇంట్లో మూతి ముడుచుకుని ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే మా నాన్నకు ఒళ్ళు మండి, నన్ను నడికుడిలో ఉన్న ఆయన అక్క దీనమ్మ దగ్గరకు పంపేశాడు. మావయ్య రైల్వేలో పనిచేసేవాడు. మాట్లాడని మనిషి. ఇంట్లో మాటలన్నీ అత్త ఒక్కతే మాట్లాడేది కాబట్టి ఆయనకు ఆ అవసరం కూడా రాలేదు. స్టేషనుకు దగ్గరగా రెండు గదుల ఇల్లు. రైలు వచ్చినప్పుడల్లా బొగ్గుపొగ వాసన వంటింటి దాకా వచ్చేది. ఆ కాలంలో ఇంటి ముందు పట్టలు పరిచి ఎండుమిరపకాయలు ఆరబోస్తే ఆ ఘాటుకు వీధివీధంతా తుమ్ములు, దగ్గులు. పొద్దున లేస్తే అత్త ముందు గేదెపాలు పితికేది, తర్వాత మజ్జిగ చిలికేది, ఆ తర్వాత ప్రార్థన. ప్రార్థనలో ఊళ్ళో అందరి పేర్లూ ఎత్తి, ఎవరికి ఏం కావాలో దేవుడికి విడివిడిగా చెప్పేది. మధ్యలో కళ్ళు తెరిచి, "ఏమే, పాలు పొంగుతున్నయ్ చూడు," అని నన్ను కేకేసి మళ్ళీ కళ్ళు మూసుకునేది.

అత్త చర్చి తరఫున ఇళ్ళు తిరిగే మనిషి. ఊళ్ళో అందరూ బైబిలమ్మ అనేవాళ్ళు. చంకకు ఒక గుడ్డసంచి, అందులో బైబిలు, కళ్ళద్దాలు, తలనొప్పి మందు, ఒక స్టీలు గిన్నె. మూడు పల్లెలు ఆమె వంతు. నాకు వేరే పని లేదు కాబట్టి నన్ను వెంటబెట్టుకుని పోయేది. తిరగబోయే రోజున పొద్దున ఏమీ తినేది కాదు, నన్ను కూడా తిననిచ్చేది కాదు. "ఖాళీ కడుపుతో పోవాలే. ప్రతి ఇంటో ఓ ముద్ద తినాలి గదా" అనేది. ఆకలికి కడుపు మాడుతుంటే నాకు ఏడుపొచ్చేది. గుమ్మంలో కాలు పెడుతూనే బైబిలు తీసేది కాదు, ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగేది కాదు. "ఏం కూర వొండావే?" అనేది. అంతే. గోంగూర పచ్చడి అంటే అది, చుక్కకూర పప్పు అంటే అది, ఒక్క ముద్ద చేతిలో పెట్టించుకుని తినేది. తిన్నాక వంక పెట్టేది. "ఉప్పేది? చేతికి రోగమొచ్చిందా?" అని మొహం మీదే అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. తర్వాత అసలు మాటలు వాటంతట అవే బయటికొచ్చేవి. మొగుడు కొట్టాడని ఒకామె, పురుడు కష్టమయ్యేట్టుందని ఒకామె, పత్తికి పురుగు పట్టిందని ఒకామె. నాకు అప్పట్లో ఇదంతా తిండిపోతుతనం అనిపించేది. కొంత అదీ ఉంది. కోడికూర వండిన ఇల్లు ఆమెకు దూరం నుంచే తెలిసిపోయేది.

కరుణమ్మ ఇల్లు మూడో పల్లెలో చివర్న ఉండేది. మొగుడు పోయి రెండేళ్ళయింది. ఎస్తేరు అని ఒక్కతే కూతురు, అప్పుడే బడికి పోతున్న పిల్ల. కరుణమ్మ సున్నం బట్టీలో పనికి పోయేది. పిడుగురాళ్ళ చుట్టూ ఉన్న ఆ బట్టీల్లో పనిచేసేవాళ్ళ కనురెప్పల మీద కూడా తెల్లటి పొడి ఉండేది. అందరూ దగ్గేవాళ్ళు. సున్నం దగ్గు అనేవాళ్ళు దాన్ని. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. నేను నడికుడికి కొత్తగా వచ్చిన రోజుల్లో కరుణమ్మ ఇల్లంటే అత్తకు చానా ఇష్టం. ఆమె చేసే టమాటా పచ్చడి గురించి దారంతా చెప్పేది. అలాంటిది ఒక రోజు మేం వెళ్తే ఆమె గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు. "ఏం కూర వొండావే?" అంటే, "పప్పుచారత్తా. ఇవాళ్ళ వొద్దులే, పిల్లకే సరిపోద్ది," అంది. మరోసారి వెళ్ళినా అంతే. పప్పుచారే. ఆ తర్వాత నడి ఎండాకాలంలో వెళ్ళాం. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. అత్త, "కాసిని మంచినీళ్ళన్నా ఇయ్యవే తల్లీ," అంది. కరుణమ్మ తల దించుకుంది. "బిందె ఖాళీ అయిందత్తా. పక్కింటో తాగి పోండి," అంది. లోపల బిందె మూతి దాకా ఉండటం నాకు గుమ్మంలోంచి కనపడుతూనే ఉంది. అత్తకూ కనపడింది.

ఇక చూడాలి అత్త కోపం! దారంతా అగ్గిమీద గుగ్గిలం. "ఎండలో పడి వచ్చిన మనిషికి గుక్కెడు నీళ్ళియ్యదా? ఏం మిడిసిపాటే దానికి? ఎవరింట్లోనన్నా నాకిట్టా జరిగిందా? ఇక దాని గడప తొక్కితే ఒట్టు!" మా వైపు అది చిన్న సంగతి కాదు. గుమ్మంలోకి వచ్చిన మనిషికి నీళ్ళు ఇవ్వలేదంటే నువ్వు మాకు అక్కర్లేదు పో అని చెప్పినట్టే. అంతకంటే తిట్టు ఇంకోటి లేదు. అత్త దాన్ని అట్లాగే తీసుకుంది. తర్వాత ఆ పల్లెకు వెళ్ళినప్పుడల్లా చివరి ఇంటికి ముందే వెనక్కి తిరిగేది. మంచీచెడూ చూసే మనిషి, ఎవరు ఎందుకు మాట్లాడరో, ఎవరు ఎందుకు ఏడుస్తారో కనిపెట్టే మనిషి, తన దగ్గరకు వచ్చేసరికి ఉత్త ఆడబిడ్డ కోపం చూపించింది. పొద్దున ప్రార్థనలో కూడా కరుణమ్మ పేరు ఎత్తడం మానేసింది. నేను ఉండబట్టలేక ఒకసారి అడిగితే, "దేవుడికి తెలుసులే, నేను చెప్పాలా?" అంది.

ఆ రోజుల్లోనే పల్లెలో ఒక మీటింగు జరిగింది. పట్నం నుంచి సాయం చేసే పెద్దలెవరో కారులో వచ్చారు. చర్చిలో జనాన్ని కూర్చోబెట్టి, "మీకేం కావాలో చెప్పండమ్మా," అన్నారు. ఆడవాళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో ఉన్నామె, "కుట్టుమిషన్లు," అంది. పక్క ఊరికి ఎవరో అవి ఇచ్చారని ఆమెకు తెలుసు. ఇక అందరూ అదే అన్నారు. ఇచ్చేవాళ్ళ దగ్గర ఏముంటుందో అది అడగటం మర్యాద అనుకున్నారు, నాకిప్పుడు తెలుస్తోంది. పెద్దలు సంతోషంగా తలలూపి వెళ్ళిపోయారు. వెనక స్తంభం పక్కన ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకుంటూ కూర్చుంది. కరుణమ్మే. అత్త చూసి మొహం తిప్పేసుకుంది.

వానలు మొదలైనాక ఒక మధ్యాహ్నం ఎస్తేరు మా ఇంటికి వచ్చింది. చేతిలో చిన్న చెంబు. అత్త అప్పుడే అన్నం తిని చెయ్యి కడుక్కుంటోంది. "ఇప్పుడు గుర్తొచ్చామా మేము? మీ అమ్మ పంపిందా?" అంది కటువుగా. "అమ్మ పంపలా. నేనే వచ్చా. అమ్మకి నోరంతా చేదుగా ఉందంట. కొంచెం మజ్జిగ పొయ్యి అమ్మమ్మా," అంది ఆ పిల్ల. నడిచి నడిచి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేను గ్లాసుతో నీళ్ళిచ్చాను. గ్లాసు బాగా పైకెత్తి గటగటా నోట్లో పోసుకుంది. సగం గౌను మీద పడ్డాయి. తాగినాక గ్లాసు నా చేతికి ఇవ్వలేదు. గాబు దగ్గరకు పోయి, పొయ్యి బూడిద తెచ్చుకుని, లోపలా బయటా తోమి తోమి కడిగింది. తర్వాత చుట్టూ చూసి, "అమ్మమ్మా, ఈ గ్లాసు ఏ గూట్లో పెట్టాల?" అంది.

"గూట్లో ఎందుకే? అక్కడ గ్లాసుల్లో పెట్టు," అంది అత్త.

"మరి మీ ఇంటో అమ్మ గ్లాసేది? మా ఇంటో అమ్మ గ్లాసు గూట్లో ఉంటది. అమ్మ పళ్ళెం గూడా అక్కడే. నేను ముట్టుకుంటే కొడతది. నన్ను పక్కలో గూడా పడుకోనియ్యదు."

అత్త తుడుచుకుంటున్న చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. అత్త చేతిలో గుడ్డ కింద పడేసింది. "అయ్యో ప్రభువా," అంది. "ఒసే సుశీలా, అది నాకు నీళ్ళియ్యకపోవడం కాదే. అది నన్ను తాగనియ్యలేదు." సంచి కూడా తీసుకోకుండా చెప్పులేసుకుని నడిచింది. మజ్జిగ చెంబు పట్టుకుని నేను, నా కొంగు పట్టుకుని ఎస్తేరు, బురదలో ఆమె వెనక పరుగు. ఆ వయసులో అంత వేగంగా నడిచిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

కరుణమ్మ చాప మీద పడుకుని ఉంది. మమ్మల్ని చూసి గభాల్న లేచి గోడకు జరిగింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అక్కడే ఉండత్తా, దగ్గరికి రామాక," అంది. అత్త ఆ మాట చెవిన వేసుకోలేదు. వెళ్ళి పొయ్యి పక్కన చతికిలబడింది. "ఆకలేస్తంది. అన్నం పెట్టు," అంది. అప్పటికి ఆమె అన్నం తిని గంట కూడా కాలేదు. "ఏం కూర వొండావ్?" అంది అత్త.

"పప్పుచారు."

అత్త చెయ్యి చాచి పొయ్యి మీది గిన్నె మూత తీసింది. అడుగున ఎండిపోయిన నాలుగు మెతుకులు తప్ప ఏమీ లేవు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. "ఏదే పప్పుచారు?" అంది, ఈసారి మెల్లగా. కరుణమ్మ మోకాళ్ళలో తలపెట్టుకుని బావురుమంది. "ఏం లేదత్తా. ఏం వొండలా. నిన్నా ఏం లేదు. ఉన్నదంతా పిల్లకే," అంది. ఏడుపు మధ్యలోనే దగ్గు తెర వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు తీసి మాకు చూపించింది. నేను చూడలేక తల తిప్పుకున్నాను. "సంకురాత్రి ముందు నించీ పడతంది రక్తం. ఎవరికీ చెప్పలా. తెలిస్తే బట్టీ కాడికి రానియ్యరు. మా ఆయన తరఫోళ్ళు వచ్చి పిల్లను తీసకపోతారు. అది లేకపోతే నేను దేనికి బతకాలత్తా? చెప్పు. మరి నీకు నీళ్ళెట్టా ఇచ్చేది? నువ్వు ఇల్లిల్లూ తిరిగే మనిషివి."

అత్త కళ్ళు తుడుచుకోలేదు. అట్లాగే కారనిచ్చింది. గూటివైపు చూసింది. అక్కడ బోర్లించిన సత్తు గ్లాసు, ఒక పళ్ళెం. లేచి, బిందె పక్కనున్న ఇంకో గ్లాసు తీసుకుని, నిండా నీళ్ళు ముంచుకుని, అక్కడే నిలబడి గుక్క తిప్పుకోకుండా తాగేసింది. "గూట్లోది కాదులే, నాకూ బుద్ధుంది," అంది మూతి తుడుచుకుంటూ. కరుణమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఏడుపూ నవ్వూ కలిసిన ఆ ముఖం నాకిప్పటికీ కళ్ళముందే ఉంది. "పిల్లను ఎవరు తీసకపోతారో నేను చూస్తా. రేపు రైలుకు నువ్వు నాతో గుంటూరు వస్తన్నావ్. దారిలో నోరెత్తావో, అక్కడే కొడతా," అంది అత్త.

మర్నాడు ప్యాసింజరుకు వాళ్ళిద్దరూ గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్ళారు. ఇది సున్నం దగ్గు కాదని, క్షయ అని, ఇంకొంచెం ఆలస్యమైతే చేతులు దాటిపోయేదని అక్కడి డాక్టరు చెప్పాడు. సూదులు, మాత్రలు, నెలల తరబడి. ఎస్తేరును కూడా పరీక్ష చేయించారు. పిల్ల బాగుంది. కరుణమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఎస్తేరు మా ఇంట్లోనే, నా పక్కలోనే పడుకుంది. రాత్రి నిద్రలో నా మీద కాలేసేది. అమ్మ పక్కలో పడుకోనియ్యక ఎన్నాళ్ళయిందో మరి, వదిలితే పోతానేమో అన్నట్టు పట్టుకునేది. ఇందులో అన్నిటికంటే వింత, అత్త ఈ సంగతి ఎవరికీ చెప్పకపోవడం. ఏ మాటా కడుపులో దాచుకోలేని మనిషి! కరుణమ్మ మరుదులు వచ్చి వాకబు చేస్తే, "దాన్ని గుంటూరులో నాకు తెలిసినోళ్ళింటో పనికి పెట్టా. పిల్ల నా దగ్గర చదువుకుంటది. మీకేంది నొప్పి?" అని గదమాయించి పంపేసింది. ఆదివారం చర్చిలో ఆ అబద్ధానికి క్షమాపణ అడిగిందట దేవుణ్ణి. పశ్చాత్తాపం లేదని కూడా ఆయనకే చెప్పిందట.

ఆ తర్వాత అత్త ఇళ్ళు తిరిగే పద్ధతి కొంచెం మారింది. ఎవరు పెడుతున్నారో కాదు, ఎవరు పెట్టడం మానేశారో చూడటం మొదలుపెట్టింది. ఎప్పుడూ పప్పుచారే అనే ఇంట్లోకి పిలవకపోయినా చొరబడి మూత తీసేది. తిట్లు కూడా తిన్నది. అట్లా తిరిగితే ఆ పల్లెలోనే దగ్గును దాచుకుంటున్న ఇళ్ళు ఇంకొన్ని బయటపడ్డాయి. పట్నం పెద్దలు మిషన్ల సంగతి మాట్లాడటానికి మళ్ళీ వచ్చినప్పుడు అత్త లేచి నిలబడింది. "మిషను తొక్కాలంటే రొమ్ములో గాలుండాలి గదయ్యా. ముందు డాక్టర్ని తీసుకురండి. గుడ్డలు తర్వాత కుట్టుకుంటాం," అంది. వాళ్ళు ముందు మొహం చిట్లించారు. మిషన్లు అడిగిన ముందు వరసామెకు కోపమొచ్చి రెండు నెలలు అత్తతో మాట్లాడలేదు. చివరికి బడి ఆవరణలో డాక్టరు వచ్చి కూర్చున్నాడు, వరసలో నిలబెట్టి, దగ్గించి కళ్ళె తీసి పరీక్షలు చేశారు. మిషన్లు కూడా వచ్చాయి, ఆ తర్వాత ఏడాదికి.

కరుణమ్మ కోలుకుని ఇంటికొచ్చాక మమ్మల్ని భోజనానికి పిలిచింది. టమాటా పచ్చడి, కోడికూర, జొన్నరొట్టెలు. గూడు ఖాళీగా ఉంది. గ్లాసులన్నీ బిందె పక్కన ఒకే వరసలో తళతళా మెరుస్తున్నాయి. అందులో గూట్లోది ఏదో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అత్త మాత్రం ఒక గ్లాసు నీళ్ళు తాగి, "ఇన్నాళ్ళ బాకీ తీరింది పో," అని, కూరలో కారం ఎక్కువైందని వంక పెట్టింది. నేను అక్కడి నుంచే పరీక్షకు కట్టి, లెక్కలు పాసై, సోషల్ వర్కు చదవడానికి వెళ్ళాను. ఎందుకు ఆ చదువని మా నాన్న అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. నడికుడిలో బొగ్గు రైళ్ళూ పోయాయి. ఇప్పుడు ట్యాబులో అన్నీ ఉంటాయట. ఉంది, లేదు అని నొక్కితే చాలు, సాయంత్రానికి ఆఫీసుకు చేరిపోతుందట. నేనేం దాన్ని తప్పు పట్టను. మా కాలంలో ఒక ఇంటి సంగతి పైకి చేరేసరికి ఆ ఇంటివాళ్ళు ఊరొదిలి పోయేవాళ్ళు. వేగం మంచిదే. ఇప్పటి పిల్లలకు మాకు తెలియని చట్టాలు తెలుసు, పథకాలు తెలుసు, ఫోను తీస్తే అంబులెన్సు వస్తుంది. అత్తకు అవన్నీ ఉంటే ఎంతమందిని బతికించేదో. అయినా చెప్పేవాళ్ళు మారలేదు. నేనే మారలేదు. ఇంత చదివి, ఇన్ని ఊళ్ళు తిరిగి, ఇంతమందికి పాఠాలు చెప్పి, నా వంతు వచ్చేసరికి నేనూ గుమ్మానికి అడ్డం నిలబడి పప్పుచారే అన్నాను.

వారం తిరక్కుండా మౌనిక మళ్ళీ మా వీధిలో కనపడింది, శెట్టిగారి ఇంట్లోంచి బయటికొస్తూ. నేను గేటు తీసి నిలబడ్డాను. "ఇదిగో అమ్మాయ్, ఇటురా. మంచినీళ్ళు తాగిపో," అన్నాను. ఆ పిల్ల నమ్మలేనట్టు చూసి, వచ్చింది. లోపలికి రమ్మన్నాను. మా ఆయన హాల్లో కూర్చుని ఉన్నారు, చొక్కా తిరగేసి. "ఎవరమ్మా నువ్వు? ఏ క్లాసు?" అన్నారు. "మౌనిక సార్. దాచేపల్లి అండి మాది," అంది. కాసేపటికి మళ్ళీ అదే అడిగారు. ఆయన మొదటిసారి అడిగినట్టే ఆ పిల్ల మళ్ళీ చెప్పింది, "మౌనిక సార్," అని. నేను కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాను. గ్లాసు అంచు సరిగ్గా కనపడక కొన్ని ఆమె చేతిమీద ఒలికాయి. ఆ పిల్ల గ్లాసు ఖాళీ చేసి, చెయ్యి తుడుచుకుని, ట్యాబు తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. వంటింటి వైపు చూసి, మామూలుగా, పక్కింటి పిల్ల అడిగినట్టు అడిగింది.

"ఏం కూర చేశారు మేడం?"

పప్పుచారు అనే మాట నోటి దాకా వచ్చింది.

"ఏమీ చెయ్యలేదమ్మా," అన్నాను. "పొయ్యి మీద మంట కనపడటం లేదు నాకు."